కారు డిక్కీలో సబ్‌వూఫర్: పెట్టె కొలత నుంచి గెయిన్ సెట్టింగ్ దాకా

బెంగళూరులో కారుకి సబ్‌వూఫర్ పెట్టించుకోవాలనుకున్న మనవాళ్లు చాలామంది ఒకే దారిలో వెళ్తారు. శనివారం పొద్దున జేసీ రోడ్డుకి పోయి, షాపులో డెమో బోర్డు మీద అన్నిటికన్నా గట్టిగా మోగినదాన్ని చూపించి "అదే పెట్టెయ్యండి" అంటారు. సాయంత్రానికి డిక్కీలో పెట్టెతో ఇంటికొస్తారు. వారం తిరిగేసరికి నంబర్ ప్లేటు గిలగిలమంటుంది. ఏ పాట పెట్టినా ఒకటే బుమ్ బుమ్. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి వెనక సీట్లో కూర్చుంటే "కాస్త తగ్గించరా, గుండెల్లో దడగా ఉంది" అంటారు. డబ్బు పోసి కొన్న వస్తువు ఆఫ్ చేసి పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇందులో సబ్‌వూఫర్ తప్పు చాలాసార్లు ఏమీ ఉండదు. కారులో బాస్‌ని నిర్ణయించేవి వరసగా మూడు: పెట్టె, వైరింగ్, సెట్టింగ్. వాట్లు ఆ తర్వాతే. సరైన పెట్టెలో, సరిగ్గా సెట్ చేసిన మామూలు 10 అంగుళాల సబ్‌వూఫర్ ముందు అరకొరగా బిగించిన 15 అంగుళాలది నిలబడదు. మంచి బాస్ అంటే నా దృష్టిలో ఇదీ: డప్పు కొడితే దెబ్బ దెబ్బ విడిగా వినపడాలి, మృదంగం ఎడమ చేతి గుంకారం దాని లెక్క ప్రకారం లేచి ఆగాలి, ఆ శబ్దం డిక్కీలోంచి కాకుండా డ్యాష్‌బోర్డు దగ్గర నుంచి వస్తున్నట్టు ఉండాలి.

సబ్‌వూఫర్ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. అందులో సబ్‌వూఫర్ వాటా చాలా చిన్నది. దాదాపు 20 నుంచి 80 హెర్ట్జ్ వరకే. డోర్లలో ఉండే 6 లేదా 6.5 అంగుళాల స్పీకర్లు 80 కన్నా కిందికి దిగితే తంటాలు పడతాయి, శబ్దం చీలుతుంది. ఆ కింది భాగాన్ని సబ్‌వూఫర్ అందుకుంటే డోర్ స్పీకర్లకు బరువు తగ్గి గొంతు కూడా స్పష్టమవుతుంది. సబ్‌వూఫర్ పెట్టాక పాటలో మాటలు బాగా వినపడటం మొదలైతే పని సరిగ్గా జరిగినట్టే లెక్క.

ఇంకో మంచి విషయం, కారు లోపలి చోటే మనకు సాయం చేస్తుంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు, 80 హెర్ట్జ్‌ది 4.3 మీటర్లు. కారు క్యాబిన్ అంతకన్నా చిన్నది. తరంగం పట్టనంత చిన్న చోట్లో గాలి ఒత్తిడే నేరుగా పెరిగి తగ్గుతుంది కాబట్టి, ఫ్రీక్వెన్సీ దిగేకొద్దీ బాస్ దానంతటదే పెరుగుతుంది. దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. హాల్లో పెద్ద సబ్‌వూఫర్ చేసే పనిని కారులో చిన్నది చేయగలగడానికి కారణం ఇదే. పెట్టె ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మళ్లీ పనికొస్తుంది.

ముందు కారుని చూడండి, తర్వాత షాపుకి వెళ్లండి

హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల్లో డిక్కీ, క్యాబిన్ కలిసే ఉంటాయి. బాస్ తేలిగ్గా ముందుకొస్తుంది. 10 అంగుళాల సీల్డ్ పెట్టె (గాలి చొరబడనిది) ఒకటి చాలు. సబ్‌వూఫర్ మొహం వెనక్కి, అంటే డిక్కీ తలుపు వైపు తిప్పి మొదలుపెట్టండి. చాలా కార్లలో అలాగే బాగుంటుంది.

సెడాన్ సంగతి వేరు. డిక్కీకి, వెనక సీటుకి మధ్య రేకు, ఫోమ్ అడ్డం ఉంటాయి. శబ్దం డిక్కీలోనే ఇరుక్కుని బయటి రేకుల్ని కదిలిస్తుంది, లోపలికి తక్కువ వస్తుంది. కొనేముందు వెనక సీటు ఆర్మ్ రెస్ట్ దించి, దాని వెనక డిక్కీలోకి దారి ఉందో లేదో చూడండి. ఉంటే ఆ దారికి దగ్గరగా పెట్టె పెట్టించాలి. లేకపోతే పార్సెల్ ట్రే కింద రేకులో ఉండే ఖాళీలే దిక్కు. సెడాన్‌కి 12 అంగుళాలు అడగడంలో అర్థముంది.

సీఎన్‌జీ కార్లలో చాలావాటికి డిక్కీలోనే సిలిండర్ ఉంటుంది, ఇక పెట్టెకి చోటు ఎక్కడ? వాళ్లకి, డిక్కీ ఖాళీగా ఉండి తీరాలనే కుటుంబాలకీ సీటు కింద పట్టే యాక్టివ్ సబ్‌వూఫర్ ఉంది. ఆంప్, అంటే సబ్‌వూఫర్‌కి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్, అందులోనే ఉంటుంది, పల్చటి అల్యూమినియం పెట్టెలో 8 అంగుళాల స్పీకర్ ఉంటుంది. 30 హెర్ట్జ్ లోతు దీన్నుంచి ఆశించకండి. 45, 50 హెర్ట్జ్ దాకా చక్కగా వాయిస్తుంది, నెమ్మదిగా వినే వాళ్లకు అది సరిపోతుంది. కొనేముందు టేపుతో సీటు కింది ఎత్తు కొలవండి. సీటు పూర్తిగా వెనక్కి, ముందుకి జరిపి, రెండు చోట్లా కొలవాలి. వెనక సీటుకి వెళ్లే ఏసీ డక్ట్ అక్కడే ఉందేమో చూడండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థవి, వాటిని ముట్టుకోకూడదు. ఇంకొకటి, వానాకాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచే దారుల్లో రోజూ తిరిగేవాళ్లు సీటు కింద యూనిట్ పెట్టించే ముందు ఆలోచించాలి. కారులోకి నీళ్లు వస్తే మొదట తడిసేది కార్పెట్టే.

స్పీకర్ ఎంపిక: డబ్బా మీది పెద్ద అంకెని పక్కన పెట్టండి

డబ్బా మీద 1200 వాట్లు, 1500 వాట్లు అని ఉండేది పీక్ పవర్. క్షణకాలం తట్టుకునే గరిష్ఠం అది. మీకు కావాల్సింది ఆర్‌ఎంఎస్ అంకె, అంటే ఆగకుండా తీసుకోగల పవర్. 1200 పీక్ అని రాసినదాని ఆర్‌ఎంఎస్ 300 ఉండటం మామూలే. ఆంప్ కొనేటప్పుడు సీటీఏ-2006 అనే గుర్తు ఉందేమో చూడండి. 14.4 వోల్టుల దగ్గర, 1 శాతం డిస్టార్షన్ దాటకుండా ఎంత పవర్ వస్తుందో అదే పద్ధతిలో కొలిచారని దానర్థం. అలా కొలిచిన రెండు ఆంప్‌లనే పక్కపక్కన పెట్టి పోల్చగలం.

వాట్ల విషయంలో ఒక లెక్క మనసులో ఉంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. పవర్ రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. 300 వాట్ల నుంచి 600కి వెళ్తే "కాస్త పెరిగింది" అనిపిస్తుంది, అంతే. ఆ తేడా డబ్బుని మంచి పెట్టెకి, రాగి వైరుకి పెడితే అంతకన్నా ఎక్కువ వినపడుతుంది.

తర్వాత ఓములు. సింగిల్ కాయిల్ 4 ఓముల స్పీకర్ అయితే గొడవ లేదు. డ్యూయల్ వాయిస్ కాయిల్ అయితే కలిపే పద్ధతిని బట్టి మారుతుంది. రెండు 4 ఓముల కాయిల్స్‌ని పారలల్‌గా కలిపితే 2 ఓములు, సిరీస్‌లో కలిపితే 8 ఓములు. రెండు 2 ఓముల కాయిల్స్ అయితే 1 ఓము, లేదా 4 ఓములు. మీ ఆంప్ ఎన్ని ఓముల దగ్గర పూర్తి పవర్ ఇస్తుందో చూసి దానికి తగ్గ స్పీకర్ తీసుకోవాలి. 2 ఓముల వరకే పనికొచ్చే ఆంప్‌కి 1 ఓము తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. అందుకే స్పీకరు, ఆంపు రెండూ ఒకేసారి నిర్ణయించుకోండి.

స్పీకర్‌తో వచ్చే కాగితంలో చిన్న అక్షరాల్లో కొన్ని అంకెలుంటాయి, చాలామంది దాన్ని పారేస్తారు. వాటిని థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు ఇంజినీర్ల పేర్ల మీద వచ్చాయి. స్పీకర్ ఏ పెట్టెలో ఎలా మోగుతుందో తయారుచేయకముందే చెప్పగల అంకెలివి. మనకు రెండు చాలు: ఎఫ్ఎస్ (Fs), క్యూఈఎస్ (Qes). మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 50 చుట్టుపక్కల లేదా అంతకన్నా తక్కువ వస్తే స్పీకర్ సీల్డ్ పెట్టెకి పుట్టినట్టు. 100కి దగ్గరగా, లేదా పైన వస్తే పోర్టెడ్‌కి, అంటే గాలికి దారి ఉన్న పెట్టెకి. ఉదాహరణకి ఎఫ్ఎస్ 28, క్యూఈఎస్ 0.5 అయితే 56 వస్తుంది, సీల్డ్ వైపు మొగ్గు. మధ్యలో వస్తే రెండింటికీ పనికొస్తుంది. ఈ కాగితమే ఇవ్వని స్పీకర్ ఎంత చవకైనా నేను తీసుకోమని చెప్పను. పయనీర్, జేబీఎల్, ఆల్పైన్, రాక్‌ఫోర్డ్ ఫాస్‌గేట్ లాంటి కంపెనీలన్నీ ఈ అంకెలు ఇస్తాయి.

పెట్టె: అసలు సంగతంతా ఇక్కడే

సీల్డ్ పెట్టె అంటే గాలి చొరబడని పెట్టె. లోపలి గాలే స్పీకర్‌కి స్ప్రింగులా పనిచేస్తుంది. దెబ్బ తెగినట్టు మొదలై తెగినట్టు ఆగుతుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో దీని శబ్దం ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది, కానీ పైన చెప్పిన క్యాబిన్ గెయిన్ ఆ తగ్గుదలలో చాలా భాగం పూడ్చేస్తుంది. అందుకే కారులో చిన్న సీల్డ్ పెట్టె కూడా లోతుగా మోగుతుంది.

పోర్టెడ్ పెట్టెకి గొట్టం లాంటి దారి ఉంటుంది. దాన్ని ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం ఎక్కువ, అదే ఆంప్‌తో ఎక్కువ మోత. కానీ పెట్టె పెద్దదవుతుంది, ట్యూనింగ్ కిందికి పోతే ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, పైగా అక్కడ స్పీకర్ కోన్‌ని పట్టి ఉంచే గాలి ఒత్తిడి ఉండదు కాబట్టి అది హద్దు దాటి ఊగుతుంది. పోర్టెడ్ పెట్టిస్తే ఆంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది) ఉండి తీరాలి. 35 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన పెట్టెకి ఫిల్టర్‌ని 28, 30 దగ్గర పెడతారు.

నా సలహా సూటిగా చెప్తాను. పాత మెలొడీలు, కర్ణాటక సంగీతం, మామూలు సినిమా పాటలు వినే ఇంటికి సీల్డ్. ఎక్కువగా మాస్ బీట్లు, ఎలక్ట్రానిక్ సంగీతం వినేవాళ్లకు, డిక్కీ చోటు వదులుకోగలిగితే పోర్టెడ్. షాపుల్లో అద్దం, లైట్లతో అమ్మే బ్యాండ్‌పాస్ పెట్టెలు ఒకటి రెండు స్వరాల దగ్గరే గట్టిగా మోగుతాయి, వాటి జోలికి పోకండి.

కొలతల విషయానికొస్తే, 10 అంగుళాలకి సీల్డ్‌లో సుమారు 14 నుంచి 28 లీటర్లు, 12 అంగుళాలకి 23 నుంచి 42 లీటర్లు మామూలుగా సరిపోతాయి. స్పీకర్ కాగితంలో కంపెనీ ఇచ్చిన అంకె ఉంటే అదే పాటించండి. క్యూబిక్ అడుగుల్లో ఇస్తే 28.3తో హెచ్చించండి, లీటర్లు వస్తాయి. షాపులో రెడీమేడ్‌గా దొరికే ఖాళీ పెట్టె మీ స్పీకర్‌కి సరిపోతుందా లేదా అన్నది టేపుతో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. బయట 45 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు, 30 లోతు ఉన్న పెట్టె అనుకోండి. చెక్క 18 మిల్లీమీటర్లది, కాబట్టి ప్రతి కొలతలోంచి 3.6 తీసెయ్యాలి. లోపల 41.4, 31.4, 26.4. మూడూ హెచ్చించి వెయ్యితో భాగిస్తే 34.3 లీటర్లు. స్పీకర్ వెనక భాగం, లోపలి బిగింపు చెక్కలు కలిసి ఓ మూడు లీటర్లు తినేస్తాయి. మిగిలేది 31. పన్నెండు అంగుళాల సీల్డ్‌కి చక్కటి కొలత. షాపతను "అన్నిటికీ ఇదే వస్తది సార్" అంటే టేపు తీయండి.

కార్పెంటర్ చేత చేయిస్తే 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అడగండి. అతుకులకి ఫెవికాల్, స్క్రూలు రెండూ ఉండాలి, ఆరాక లోపలి మూలల వెంట సీలెంట్ పూయాలి. స్పీకర్ అంచు కింద ఫోమ్ టేపు వెయ్యాలి. వెనక వైరు టెర్మినల్ కప్పు చుట్టూ కూడా గాలి కారుతుంది, దాన్ని మరిచిపోతుంటారు. పరీక్షకి ఒక పద్ధతి చెప్తాను. సబ్‌వూఫర్‌లో 30 హెర్ట్జ్ టోన్ చిన్నగా పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నెమ్మదిగా నడపండి. పొగ నిటారుగా లేస్తుంటే బాగున్నట్టు. ఎక్కడ అది వణికి పక్కకి తోస్తుందో అక్కడ గాలి కారుతోంది.

పెట్టెని డిక్కీ నేలకి ఎల్ క్లాంపులతో కట్టించాల్సిందే. పదిహేను, ఇరవై కిలోల పెట్టె బిగించకుండా వదిలేస్తే, గట్టిగా బ్రేకు పడినప్పుడు అది వెనక సీటు మీదికే వస్తుంది. ఆ సీట్లో కూర్చునేది పిల్లలు.

ఆంప్, కరెంటు లెక్క

సబ్‌వూఫర్‌కి క్లాస్ డి మోనో ఆంప్ తీసుకోండి. తీసుకున్న కరెంటులో దాదాపు 80 శాతం శబ్దం వైపు పంపుతుంది, వేడి తక్కువ. స్పీకర్ ఆర్‌ఎంఎస్‌కి సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండాలి. చిన్న ఆంప్‌ని చివరిదాకా తిప్పి వాడటమే స్పీకర్లని కాల్చేది.

500 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్ బ్యాటరీ నుంచి ఎంత లాగుతుందో చూద్దాం. 500ని 0.8తో భాగిస్తే 625 వాట్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజి 13.8 అనుకుంటే 45 ఆంపియర్లు. పాటలో బాస్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి సగటు అంతకన్నా బాగా తక్కువే, కానీ వైరు, ఫ్యూజు మాత్రం ఈ 45కి తట్టుకునేలా ఉండాలి. ఇక్కడ బెంగళూరు ట్రాఫిక్ లెక్కలోకొస్తుంది. సిల్క్ బోర్డ్ దగ్గర ఏసీ వేసుకుని ఐడిలింగ్‌లో నిలబడినప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి కరెంటు ఇవ్వదు. తక్కువైనది బ్యాటరీ నుంచి పోతుంది. చిన్న పెట్రోల్ కార్లలో 35 ఏహెచ్ బ్యాటరీలు మామూలు, వాటిమీద వెయ్యి వాట్ల ఆంప్ పెడితే హెడ్‌లైట్లు బాస్‌తోపాటు మిణుకుమంటాయి. హ్యాచ్‌బ్యాక్‌కి 300 నుంచి 500 ఆర్‌ఎంఎస్ దగ్గర ఆగిపోవడం మంచిది. ఆ మిణుకు ఆపడానికని షాపులో అమ్మే కెపాసిటర్ అసలు రోగాన్ని తగ్గించదు. ఎర్త్, వైరు మందం, బ్యాటరీ ఆరోగ్యం ముందు చూసుకోండి.

వైరింగ్: మంటకీ మంచి శబ్దానికీ మధ్య ఉన్నది ఇదే

బ్యాటరీ మైనస్ ముందు విప్పించండి. అది విప్పకుండా పని మొదలుపెట్టే మనిషిని ఆపి మరీ విప్పించండి.

ప్లస్ వైరు బానెట్ నుంచి డిక్కీ దాకా అయిదు మీటర్లు ఉంటుంది. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు. 45 ఆంపియర్ల దగ్గర ఆ దూరంలో 8 గేజ్ రాగి వైరులో దాదాపు అర వోల్టు పోతుంది. 4 గేజ్‌లో 0.2 వోల్టుకి లోపే. కాబట్టి 500 వాట్లకి 4 గేజే. షాపుల్లో కిట్ పేరుతో ఇచ్చేది చాలాసార్లు సీసీఏ, అంటే పైన రాగి పూత, లోపల అల్యూమినియం. కట్టర్‌తో చివర కోసి ఒక పోగు తీసి బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే సీసీఏ. అదే వాడాల్సి వస్తే ఒక సైజు మందం పెంచండి. వైరుకి విడిగా తిరగాలనుకుంటే ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది, మంచి మల్టీమీటర్ కూడా అక్కడే కొనుక్కోండి, రేపు గెయిన్ సెట్టింగ్‌కి అది కావాలి.

ప్రధాన ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఆంప్ మీద ఫ్యూజు ఉంది కదా అంటారు కొందరు. అది ఆంప్‌ని కాపాడుతుంది. బానెట్‌లో ఉండే ఫ్యూజు వైరుని, కారుని కాపాడుతుంది. రెండింటి మధ్య అయిదు మీటర్ల వైరు కార్పెట్ కింద నుంచి పోతోంది, ఎక్కడైనా ఒరిసి రేకుకి తగిలితే బ్యాటరీ మొత్తం అక్కడ కక్కేస్తుంది. ఫైర్‌వాల్ రంధ్రం దగ్గర రబ్బరు గ్రోమెట్ లేకుండా వైరు దూర్చనివ్వకండి.

ఎర్త్ గురించి కాస్త నిలబడి చూడాలి. ఆంప్ దగ్గర్లో, 45 సెంటీమీటర్ల లోపు, కారు బాడీకి వెల్డ్ అయి ఉన్న గట్టి రేకు మీద బోల్టు ఎంచుకోవాలి. అక్కడ రూపాయి బిళ్లంత మేర పెయింటుని ఉప్పుకాగితంతో గీకితే మొదట రంగు, తర్వాత బూడిద రంగు ప్రైమర్, ఆ కింద తెల్లగా మెరిసే లోహం కనిపిస్తాయి. ఆ మెరుపు వచ్చేదాకా గీకాలి. రింగ్ టెర్మినల్ దానిమీద పెట్టి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు గానీ పెయింటు గానీ పూయాలి. ఎర్త్ వైరు మందం ప్లస్ వైరంతే ఉండాలి. ఇంజిన్ వేగంతోపాటు పెరిగే "కుయ్‌య్" మోతల్లో చాలావాటికి మూలం పెయింటు మీద బిగించిన ఎర్త్.

సిగ్నల్ వైర్లని ప్లస్ వైరు నడిచే వైపు కాకుండా కారుకి రెండో వైపు నుంచి తీసుకెళ్లాలి. ఆంప్‌ని సబ్‌వూఫర్ పెట్టె మీద బిగించొద్దు, ఆ అదురుకి లోపలి అతుకులు వదులవుతాయి. నీరు చేరే డిక్కీ అడుగున కూడా వద్దు. వెనక సీటు వీపు మీద ఒక ప్లైవుడ్ ముక్క వేసి బిగిస్తే గాలి తగులుతుంది.

కంపెనీ టచ్ స్క్రీన్ ఉన్నవాళ్లకి

ఇప్పటి చాలా కార్లలో స్టీరియో మార్చడం కుదరదు, మార్చినా వెనక కెమెరా, స్టీరింగ్ బటన్లు పోతాయి. ఆంప్‌కి సిగ్నల్ పంపే ఆర్‌సీఏ అవుట్ సాకెట్లు కూడా వాటికి సాధారణంగా ఉండవు. హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ తీసుకుంటే వెనక డోర్ స్పీకర్ వైర్ల నుంచి నేరుగా సిగ్నల్ తీసుకోవచ్చు. వైర్లు కోయకుండా మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ పెట్టించుకోండి, వారంటీ గొడవ రాకుండా ఉంటుంది. కొన్ని కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచేకొద్దీ బాస్‌ని వాటంతటవే తగ్గిస్తాయి. సబ్‌వూఫర్ చిన్న వాల్యూమ్‌లో బ్రహ్మాండంగా ఉండి, పెద్ద వాల్యూమ్‌లో మాయమవుతుంటే కారణం అదే. అలాంటి కార్లకి డీఎస్‌పీ, అంటే సిగ్నల్‌ని డిజిటల్‌గా సరిచేసే పరికరం, పెట్టించుకోవడం మంచి మార్గం.

గెయిన్ సెట్టింగ్: చెవితో కాదు, మీటర్‌తో

గెయిన్ నాబ్‌ని వాల్యూమ్ అనుకోవడం వల్ల కాలిపోయే స్పీకర్లే ఎక్కువ. స్టీరియో పంపే సిగ్నల్ ఎంత ఉంటే ఆంప్ పూర్తి పవర్‌కి చేరాలో చెప్పే నాబ్ అది. దీన్ని మీటర్‌తో సెట్ చేయడానికి పావుగంట చాలు, ఇంటి పార్కింగ్‌లో మీరే చేసుకోవచ్చు.

1. స్టీరియోలో ఈక్వలైజర్ అంతా సున్నా చెయ్యండి. లౌడ్‌నెస్, బాస్ బూస్ట్ స్టీరియోలో, ఆంప్‌లో రెండు చోట్లా ఆఫ్.
2. ఆంప్ గెయిన్ పూర్తిగా కిందికి. లో పాస్ ఫిల్టర్‌ని (పెట్టిన అంకెకి కింది శబ్దాన్నే పోనిచ్చేది) పైకి తిప్పండి, సబ్‌సోనిక్ ఆఫ్, లేకపోతే రీడింగ్ తప్పుగా వస్తుంది.
3. సబ్‌వూఫర్ వైర్లు ఆంప్ నుంచి విప్పేయండి.
4. ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. మూసిన బేస్‌మెంట్‌లో అయితే వద్దు, కారుని బయటికి తీయండి.
5. 50 హెర్ట్జ్, 0 డెసిబెల్ టెస్ట్ టోన్ పెట్టి స్టీరియో వాల్యూమ్‌ని గరిష్ఠంలో నాలుగింట మూడు వంతులకి తెచ్చుకోండి.
6. మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఆంప్ స్పీకర్ టెర్మినల్స్‌కి తగిలించి, గెయిన్‌ని వెంట్రుకవాసి చొప్పున పెంచుతూ మీ లెక్క అంకె రాగానే ఆపండి.

ఆ అంకె ఎలా వస్తుందంటే, ఆర్‌ఎంఎస్ వాట్లని ఓములతో హెచ్చించి వర్గమూలం తీయాలి. 300 వాట్లు, 4 ఓములకి 34.6 వోల్టులు. 300 వాట్లు, 2 ఓములకి 24.5. 500 వాట్లు, 2 ఓములకి 31.6. ఆంప్, స్పీకర్ రెండింటిలో ఏది చిన్నదైతే ఆ వాట్లే వెయ్యండి. నాబ్ చాలాసేపు ఏమీ కదలనట్టుండి, ఉన్నట్టుండి వోల్టులు జంప్ చేస్తాయి, అందుకే వేళ్లు నెమ్మదిగా ఉండాలి. నాబ్ సగానికన్నా ముందే ఆగిపోయినా కంగారు పడొద్దు, ఆంప్ తన పూర్తి పవర్‌కి చేరినట్టే. ఇకనుంచి స్టీరియో వాల్యూమ్ ఆ మూడు వంతుల గీత దాటకూడదు.

క్రాసోవర్, ఫేజ్

సబ్‌వూఫర్ వైర్లు తిరిగి తగిలించి లో పాస్ ఫిల్టర్‌ని 80 హెర్ట్జ్‌కి తెచ్చుకోండి, పోర్టెడ్ అయితే సబ్‌సోనిక్ మళ్లీ ఆన్ చెయ్యండి. డోర్ స్పీకర్లకి హై పాస్ (పై శబ్దాన్నే పోనిచ్చేది) కూడా 80 దగ్గరే. ఇలా పని పంచే గీతనే క్రాసోవర్ అంటారు. లో పాస్‌ని 120కి తీసుకెళ్తే మగ గొంతు అడుగు భాగం డిక్కీలోంచి రావడం మొదలవుతుంది, బాస్ ఎక్కడినుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. డోర్ స్పీకర్లు చిన్నవైతే 90 దాకా వెళ్లొచ్చు.

ఫేజ్ స్విచ్ 0, 180 అని ఉంటుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని, డోర్ స్పీకర్లు కూడా మోగుతుండగా 80 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఇంకొకరిని డిక్కీ దగ్గర స్విచ్ మార్చమనండి. డిక్కీ తలుపు మూసి వినాలి. ఏ స్థానంలో శబ్దం నిండుగా ఉంటే అది ఉంచండి. తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, ఎందుకంటే తప్పు స్థానంలో రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

టైమ్ అలైన్‌మెంట్ ఉన్న స్టీరియో అయితే మీ చెవి నుంచి ప్రతి స్పీకర్‌కి దూరం కొలిచి నింపండి. శబ్దం ఒక మీటరు నడవడానికి దాదాపు 2.9 మిల్లీ సెకన్లు పడుతుంది. డిక్కీ అన్నిటికన్నా దూరం కాబట్టి ముందు స్పీకర్లని కొంచెం ఆపి పంపాలి. ఇది కుదిరిన రోజు బాస్ డ్యాష్‌బోర్డు మీదికి వచ్చేస్తుంది.

రిమోట్ బాస్ నాబ్ ఒకటి డ్రైవర్ చేతికందేలా పెట్టించుకోండి. దేవనహళ్లి దాటి 44వ నంబరు హైవే ఎక్కి అనంతపురం వైపు వంద మీద పోతుంటే టైర్ల హోరు బాస్‌ని మింగేస్తుంది, అక్కడ కొంచెం పెంచాలి. ఊళ్లోకి రాగానే తగ్గించాలి. ఈ నాబ్ ఉంటే ఆంప్ సెట్టింగ్‌ని మళ్లీ మళ్లీ కెలకాల్సిన అవసరం రాదు. కానీ గెయిన్ సెట్ చేసేటప్పుడు ఈ నాబ్ పూర్తిగా పైకి ఉండాలి.

గిలగిలలు వెతకడం

20 నుంచి 100 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే టోన్ పెట్టి ఒకరు లోపల, ఒకరు బయట తిరగండి. నంబర్ ప్లేటు వెనక ఫోమ్ టేపు, పార్సెల్ ట్రే హుక్కులకి ఫెల్ట్ ముక్క, డిక్కీ తలుపు రేకుకి అదురు తగ్గించే బ్యూటైల్ షీట్. జాకీ, పానా ఉండే అర కూడా చూడండి. డబ్బు మిగిలితే ముందు డోర్లకి కూడా బ్యూటైల్ వేయించండి, ఆ ఖర్చుకి వచ్చే ఫలితం రెండో సబ్‌వూఫర్ పెట్టినా రాదు.

మన చెవుల గురించి, పక్కవాళ్ల గురించి ఒక మాట. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలే సురక్షితం అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్తుంది, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా హద్దు 45 డెసిబెల్స్. బాస్ గోడల్ని దాటి పోతుంది, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో అయితే స్తంభాల వెంట పై అంతస్తుకీ ఎక్కుతుంది. గేటు లోపలికి వచ్చాక నాబ్ సున్నాకి తేవడం అలవాటు చేసుకోండి.

అంతా అయ్యాక ఒక అరగంట మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో నడిపి, బానెట్ ఎత్తి ఫ్యూజు హోల్డర్‌ని వేలితో తాకి చూడండి. వేడిగా ఉంటే లోపల స్క్రూ వదులుగా ఉన్నట్టు. నెల తర్వాత ఎర్త్ బోల్టు, స్పీకర్ స్క్రూలు, ఆంప్ టెర్మినల్స్ ఒకసారి మళ్లీ బిగించండి, అదురుకి తప్పకుండా కాస్త వదులవుతాయి. కారు సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు బ్యాటరీ ప్లస్ మీద అదనపు వైరు ఉందని జాబ్ కార్డులో రాయించండి. బ్యాటరీ మార్చినప్పుడు ఆ వైరుని తగిలించకుండా వదిలేయడం, లేదా ఫ్యూజు దాటేసి కలపడం జరుగుతుంటుంది. బండి తీసుకునేటప్పుడు అక్కడే బానెట్ ఎత్తి చూసుకుని బయల్దేరండి.